అన్న వదిలిన కలం అందుకుని...

చరిత్ర రాసినందుకు అన్నయ్యను జైల్లో పెట్టారు. అదే చరిత్రను పూర్తిచేయమని చెల్లెలికి కబురొచ్చింది. ఆ చెల్లెలు బాన్ జావో. సుమారు 1900 ఏళ్ల కిందటి చైనా చరిత్రకారిణి.

తండ్రి బాన్ బియావో పండితుడు. హాన్ రాజవంశ చరిత్ర మొదలుపెట్టి, పూర్తికాకుండానే క్రీ.శ.54లో కన్నుమూశాడు. అప్పటికి జావోకు పదేళ్లయినా నిండలేదు. పద్నాలుగేళ్లకే పెళ్లి. భర్త చిన్నవయసులోనే పోయాడు. ఆమె మళ్లీ పెళ్లి చేసుకోలేదు.

తండ్రి పనిని అన్న బాన్ గు అందుకున్నాడు. అనుమతి లేకుండా చరిత్ర రాస్తున్నాడని ఫిర్యాదు వెళ్లడంతో ఖైదు చేశారు. మరో అన్న బాన్ చావో చక్రవర్తికి మొరపెట్టుకుని విడిపించాడు. రాతప్రతి చూసి మెచ్చిన చక్రవర్తి బాన్ గుకు ఆస్థానంలోనే పని ఇచ్చాడు. కానీ 92లో అతని ఆప్తుడైన సేనాపతి పదవీ ప్రాణాలూ పోగొట్టుకున్నాడు. దాంతో బాన్ గుకు మళ్లీ జైలే. ఈసారి ప్రాణాలతో బయటికి రాలేదు.

చక్రవర్తి హె పిలుపుతో జావో రాజగ్రంథాలయంలో అడుగుపెట్టింది. ఎనిమిది పట్టికలు మిగిలాయి. ఎవరు ఏ పదవిలో ఉన్నారు, ఎవరి వారసులెవరు... అన్నీ పాత దస్తావేజులు వెతికి పేర్చాల్సినవే. ఖగోళశాస్త్ర అధ్యాయం మా షు అనే పండితుడి సాయంతో పూర్తయింది. అలా క్రీ.పూ.206 నుంచి క్రీ.శ.23 వరకు జరిగిన కథ నూరు అధ్యాయాల 'హాన్ గ్రంథం' అయింది. చదవడం అంత తేలిక కాదు మరి! తర్వాత మహాపండితుడైన మా రోంగ్ కూడా ఆమె దగ్గరే పాఠం చెప్పించుకున్నాడు.

అంతఃపురంలో రాణులకూ ఆమే గురువు. శిష్యురాలు డెంగ్ 106లో రాజ్యభారం చేపట్టాక, పాలనలోనూ గురువు సలహా అడిగేది. ముప్పయ్యేళ్లు సరిహద్దుల్లో గడిపి ముసలివాడైన చావోను ఇంటికి రప్పించమని వేడుకున్నదీ జావోనే. అతను 102లో తిరిగొచ్చాడు. కొద్దిరోజులకే పోయాడు.

ఆమె రాసిన 'స్త్రీలకు పాఠాలు' మాత్రం మనల్ని ఇబ్బంది పెడుతుంది. కోడలు అణిగి ఉండాలంటుంది, భర్త మాట జవదాటొద్దంటుంది. జావో ఆడపడుచే దాన్ని ఖండిస్తూ రాసిందట! అయితే అందులోనే ఇంకో మాటుంది. మగపిల్లలకు ఎనిమిదేళ్లకే చదువు మొదలుపెట్టి, ఆడపిల్లలకు ఎందుకు మానేస్తున్నారని నిలదీసింది. తర్వాతి తరాలవాళ్లు అణకువ పాఠాలనే పట్టుకుని వందల ఏళ్లు వల్లె వేయించారు. చదువు మాటను అంతగా పట్టించుకోలేదు.

డెబ్బై దాటాక జావో కన్నుమూస్తే మహారాణి స్వయంగా సంతాప దుస్తులు ధరించింది. 'హాన్ గ్రంథం' మాత్రం ఇప్పటికీ ఎక్కువగా అన్న పేరుతోనే చలామణి అవుతోంది.