కథకుడు మొపాసా

ప్రపంచ కథానికా చరిత్రలో ఫ్రెంచి రచయిత గై ద మొపాసా పేరు ముందువరుసలో నిలుచును. ఆయన జీవించినది నలువదిరెండేండ్లు మాత్రమే. అందు రచనకు దక్కినది ఇంచుమించు పదేండ్లు. ఆ స్వల్పకాలముననే సుమారు 300 కథలను, 6 నవలలను రచించెను.

1850 ఆగస్టు 5న ఉత్తర ఫ్రాన్సులోని నార్మండీ ప్రాంతమున ఆయన జన్మించెను. తలిదండ్రులు విడిపోగా, తల్లి లోర్ పెంపకమున సముద్రతీరమందలి ఎత్రెతాలో పెరిగెను. అచటి రైతుల, బెస్తల మాటతీరు, ఆశలు, జిత్తులు ఆయన మనసున నాటుకొనెను. 1870లో ప్రష్యాతో యుద్ధము రాగా సైన్యమున చేరి స్వదేశ పరాజయమును కన్నులార చూచెను. 1872లో పారిస్ చేరి మొదట నౌకాశాఖలోను, పిదప విద్యాశాఖలోను గుమాస్తాగా పనిచేసెను. ఆ కొలువు ఆయనకు చెరసాలవలె తోచెను.

తల్లికి బాల్యమిత్రుడైన మహారచయిత గుస్తావ్ ఫ్లోబేర్ ఈ యువకుని శిష్యునిగా స్వీకరించెను. తొందరపడి అచ్చువేయనీయక, ఏండ్ల తరబడి వ్రాతలను దిద్దెను. కన్నులతో చూచినదానిని సరియైన మాటలో పెట్టుటయే గాని, రచయిత నడుమ ప్రవేశించి తీర్పు చెప్పరాదని నేర్పెను. 1880 ఏప్రిలులో యుద్ధకథ ‘బూల్ ద స్విఫ్’ వెలువడి శిష్యునకు పేరు తెచ్చెను. ఆ ఆనందము చూచి, మరునెల 8న గురువు కన్నుమూసెను.

ఆ శిక్షణకు పండిన ఫలము 1884 ఫిబ్రవరి 17న ‘లె గోల్వా’ పత్రికలో వచ్చిన ‘కంఠహారము’. నాయిక మతిల్డ్ భర్త విద్యాశాఖలో గుమాస్తా. మొపాసా తాను పనిచేసిన కచేరీనే కథలోనికి తెచ్చెను. మాసిన గోడలు, అరిగిన కుర్చీలు గల ఇంట కూర్చుండి ఆమె పట్టుతెరల సౌధములను కలగనును. తుపాకి కొనుటకై భర్త దాచుకొనిన 400 ఫ్రాంకులు ఆమె విందుదుస్తులకు ఖర్చగును. స్నేహితురాలి వద్ద ఎరువు తెచ్చిన హారము ఆ రాత్రియే పోవును. నిజము చెప్పలేక, 36,000 ఫ్రాంకులతో అటువంటిదే కొని యిచ్చి, దంపతులు ఆ అప్పుకై పదేండ్లు చాకిరి చేయుదురు. నీళ్లు మోసి, అంట్లు తోమి ఆమె ముదుసలివలె నగును. తుదకు తెలియునదేమన, పోయినది నకిలీ హారము. దాని వెల మహా అయిన 500 ఫ్రాంకులు.

ఎరువు సొమ్ము బరువు చేటను సామెత మనకు కొత్త గాదు. ఆ నీతిని నోట పలుకక, కథ నడుపుటలోనే తెలుపుట మొపాసా నేర్పు. ఒక్క రాత్రి వైభవమును తీరికగా చూపి, పదేండ్ల కష్టమును కొద్ది పంక్తులలో దాటించును. మతిల్డ్‌కు తెలిసినంతయే పాఠకునకు తెలియనిచ్చును. కొత్త హారము అందుకొనిన స్నేహితురాలు పెట్టెను తెరచియైన చూడదు. ఆ ఇరుకు ఇల్లు లేనిచో ఆమెకు ఆ ఆశ లేదు; ఆ ఆశ, ఆ అభిమానము లేనిచో కథయే లేదు. ఆమెను దోషియనక, నిర్దోషియనక, విచారణను పాఠకునకే విడిచెను.

కీర్తితోపాటు ధనము వచ్చినను ఆరోగ్యము నిలువలేదు. యౌవనమున సోకిన సుఖవ్యాధి మెదడునకు ప్రాకెను. 1892 జనవరిలో ఆత్మహత్యకు యత్నింపగా, పారిస్‌లోని మానసిక చికిత్సాలయమున చేర్చిరి. 1893 జూలై 6న అచటనే మరణించెను. కొలువులో విసుగుతో గడచిన దినములే ఆయనకు పెట్టుబడి. చెరసాల యనుకొనిన ఆ కచేరీనుండియే, దేశదేశములవారు నేటికిని చదువుకొను కథ పుట్టినది.