బీథోవెన్ చెవి బాకా

సన్నటి స్వరాలు వినపడవు. ఎవరైనా గట్టిగా మాట్లాడితే మాత్రం భరించలేరు. మీ ఇంట్లో పెద్దాయనదీ ఇదే తీరా? జర్మనీలోని బాన్‌లో 1770లో పుట్టిన సంగీతకారుడు బీథోవెన్‌దీ ఇదే బాధ. ముప్ఫై ఏళ్లు నిండకముందే మొదలైంది.

సంగీతకారుడికి చెవుడంటే నలుగురూ ఏమనుకుంటారోనని జనంలోకి వెళ్లడమే తగ్గించేశారు. (ఇలా దాచుకునేవాళ్లను మా ఓపీలో ఇప్పటికీ చూస్తుంటాను.) 1801లో వైద్యుడైన స్నేహితుడికి ఉత్తరంలో గోడు చెప్పుకొన్నారు. మరుసటి ఏడాది తమ్ముళ్లకు ఇంకో ఉత్తరం రాశారు. చనిపోవాలనుకున్నాననీ, సంగీతమే ఆపిందనీ దాని సారాంశం. అది పంపలేదు, ఆయన పోయాక కాగితాల్లో దొరికింది.

మెట్రోనోమ్‌తో పేరుపడ్డ మెల్‌జెల్ ఆయనకు లోహపు చెవి బాకాలు చేసిచ్చారు. చిక్కేమిటంటే, బాకా మెల్లని మాటనూ కేకనూ ఒకేలా పెంచుతుంది. మీరిప్పుడు వాడే డిజిటల్ హియరింగ్ ఎయిడ్ అలా కాదు. మెల్లని శబ్దాన్ని ఎక్కువగా, పెద్ద శబ్దాన్ని తక్కువగా పెంచుతుంది. కొన్నింటిలో ఫోన్ కాల్ నేరుగా చెవిలోకే వస్తుంది. రద్దీలో మాటను విడదీసి వినిపించే కృత్రిమ మేధ కూడా వచ్చింది. ఏది కొన్నా ముందు ఆడియోమెట్రీ చేయించుకోండి. ఆ గ్రాఫ్‌ను బట్టే దాన్ని సరిచేసి ఇస్తారు.

1818 నుంచి బీథోవెన్‌తో మాట్లాడాలంటే పుస్తకంలో రాసి చూపాల్సి వచ్చేది. 1824 మే 7న వియన్నాలో తొమ్మిదో సింఫనీ ప్రదర్శనలో చప్పట్లు వినపడక అటే తిరిగి నిలబడితే, ఒక గాయని ఆయనను ప్రేక్షకుల వైపు తిప్పిందంటారు. 1827లో కన్నుమూశారు. ఆయన జుట్టులోని డీఎన్‌ఏపై 2023లో పరిశోధన ఫలితాలొచ్చాయి. కాలేయ జబ్బుకు ఆధారాలు కనిపించాయి గానీ, చెవుడుకు కారణం మాత్రం దొరకలేదు.