స్టీఫెన్ కోల్ క్లేనీ

స్టీఫెన్ కోల్ క్లేనీ (జనవరి 5, 1909 - జనవరి 25, 1994) అమెరికాకు చెందిన గణిత శాస్త్రవేత్త, తర్కశాస్త్రవేత్త. గణన సిద్ధాంతానికి పునాదులు వేసినవారిలో ముఖ్యుడు. పీహెచ్‌పీ, జావాస్క్రిప్ట్ వంటి వెబ్ స్క్రిప్టింగ్ భాషలలో పాఠ్యాన్ని వెదకడానికి, సరిచూడడానికి, మార్చడానికి వాడే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లకు మూలం ఈయన 1951లో రచించిన పత్రం. ఆ పత్రం కంప్యూటర్ ప్రోగ్రాములను గురించినది కాదు, నాడీకణాల నమూనాలను గురించినది. పరిమితమైన జ్ఞాపకశక్తి గల యంత్రం ఏయే క్రమాలను గుర్తించగలదు, వేటిని గుర్తించలేదు అన్నదే అందులోని ప్రశ్న.

ఈయన ఇంటిపేరును పలువురు క్లీన్ అని, క్లీనీ అని పలికినప్పటికీ, ఈయన మాత్రం క్లేనీ అనే పలికేవాడు.

బాల్యం, విద్యాభ్యాసం

క్లేనీ కనెక్టికట్ రాష్ట్రంలోని హార్ట్‌ఫర్డ్ నగరంలో జన్మించాడు. తండ్రి గుస్తావ్ అడాల్ఫ్ క్లేనీ అర్థశాస్త్ర ఆచార్యుడు. తల్లి ఆలిస్ కోల్ కవయిత్రి. 1930లో ఆమ్‌హర్స్ట్ కళాశాల నుండి పట్టం పొంది, పై చదువులకు ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో చేరాడు. అక్కడ అలొంజో చర్చ్ పర్యవేక్షణలో పరిశోధన సాగించి 1934లో డాక్టరేటు పొందాడు.

గణితశాస్త్రమంతటికీ ఆధారం కాగల ఒక తర్క వ్యవస్థను చర్చ్ ఆ రోజులలో రూపొందిస్తున్నాడు. ధన పూర్ణ సంఖ్యల సిద్ధాంతాన్ని ఆ వ్యవస్థలో నిర్మించడం క్లేనీకి అప్పగించిన పని. అందులో ఒక సంఖ్యకు ముందున్న సంఖ్యను రాబట్టడం కూడా చాలాకాలం కొరుకుడు పడలేదు. దంతవైద్యుని వద్ద ఉన్న సమయంలో క్లేనీకి దాని పరిష్కారం తట్టింది. అయితే ఈ వ్యవస్థలో పరస్పర వైరుధ్యం ఉన్నదని క్లేనీ, ఆయన సహాధ్యాయి జాన్ బార్క్‌లీ రోసర్ కలిసి 1935లో నిరూపించారు. గురువు కట్టిన భవనాన్ని శిష్యులే కూల్చినట్లయింది. ఆ శిథిలాలలో నిర్దుష్టంగా మిగిలిన భాగమే లాంబ్డా కలనం. తరువాతి కాలంలో అనేక ప్రోగ్రామింగ్ భాషలకు అది ఆదర్శమయింది.

ఉద్యోగ జీవితం

క్లేనీ 1935లో మాడిసన్‌లోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడుగా చేరాడు. 1941లో ఆమ్‌హర్స్ట్‌కు వెళ్ళాడు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా నౌకాదళంలో నౌకాయాన విద్యను బోధించి, అటుపిమ్మట వాషింగ్టన్‌లోని నౌకాదళ పరిశోధనాలయంలో పనిచేశాడు. 1946లో మాడిసన్‌కు తిరిగి వచ్చి, 1948లో ఆచార్య పదవి పొంది, 1979లో పదవీ విరమణ చేసే వరకు అక్కడే కొనసాగాడు. 1952లో వెలువడిన ఈయన గ్రంథం 'ఇంట్రడక్షన్ టు మెటామేథమేటిక్స్' తర్కశాస్త్ర విద్యార్థులకు అనేక దశాబ్దాల పాటు ప్రామాణిక గ్రంథంగా నిలిచింది.

నాడీజాలాల పత్రం

1943లో వారెన్ మెక్‌కలక్, వాల్టర్ పిట్స్ అనే శాస్త్రవేత్తలు నాడీకణాన్ని రెండే స్థితులు గల చిన్న యంత్రంగా భావించి ఒక పత్రం ప్రకటించారు. 1951 వేసవిలో ర్యాండ్ సంస్థలో పనిచేస్తున్నప్పుడు క్లేనీ ఈ పత్రాన్ని పరిశీలించి, అటువంటి కణాలతో కూడిన జాలం ఎటువంటి సంకేతాల వరుసలను గుర్తించగలదో తేల్చడానికి పూనుకున్నాడు. ఆయన నివేదిక అదే సంవత్సరం డిసెంబరులో సిద్ధమయింది. 1956లో క్లాడ్ షానన్, జాన్ మెక్‌కార్తీ సంపాదకత్వంలో వెలువడిన సంకలనంలో అది ముద్రితమయింది.

క్లేనీ చూపిన సమాధానం సరళమైనది. అటువంటి వరుసలన్నింటినీ మూడు ప్రక్రియలతో వర్ణించవచ్చు. అవి:

1. ఇది గాని అది గాని అని ఎన్నుకోవడం
2. ఒకదాని వెంట మరొకటి చేర్చడం
3. ఒకదానిని ఎన్నిసార్లయినా ఆవృత్తి చేయడం

మూడవదానికి ఆయన నక్షత్రపు గుర్తును వాడాడు. అది నేటికీ క్లేనీ నక్షత్రం అనే పేరుతో ప్రసిద్ధి. ఈ మూడింటితో వర్ణించగలిగినదంతా పరిమిత స్థితుల యంత్రం గుర్తించగలదు. ఆ యంత్రం గుర్తించగలిగినదంతా ఈ మూడింటితో వర్ణించవచ్చు. దీనినే క్లేనీ సిద్ధాంతం అంటారు. ఇటువంటి వరుసలకు 'రెగ్యులర్' అన్న పేరు ఆయనకే అంతగా నచ్చలేదు. ఇంతకంటే తగిన పేరు ఉంటే సూచించమని పత్రంలోనే పాఠకులను కోరాడు. కానీ ఆ పేరే స్థిరపడిపోయింది.

కంప్యూటర్లలో ప్రవేశం

1968లో కెన్ థాంప్సన్ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌ను ఐబీఎం 7094 యంత్ర భాషలోకి మార్చి పాఠ్యాన్ని వెదికే పద్ధతిని ప్రకటించాడు. తరువాత యూనిక్స్‌లోని 'గ్రెప్' ద్వారా, 1987లో వెలువడిన పెర్ల్ భాష ద్వారా ఈ పద్ధతి విస్తృత ప్రచారం పొందింది. పెర్ల్ శైలిని ఇతర భాషలకు అందించే గ్రంథాలయాన్ని ఫిలిప్ హేజెల్ 1997లో ప్రారంభించాడు. పీహెచ్‌పీలోని 'ప్రెగ్' ప్రమేయాలు దానిపైనే ఆధారపడినవి. అందులోని పాత 'ఎరెగ్' ప్రమేయాలను 2015లో పూర్తిగా తొలగించారు.

తెలుగు పాఠ్యంలో వినియోగం

తెలుగులో ఒకే పేరును పలు విధాలుగా వ్రాయడం సాధారణం. హైదరాబాదులోని రెండు ప్రాంతాల పేర్లు ఇందుకు మంచి ఉదాహరణలు. ఆరవ నిజాం కొలువులో ఉన్న ఆల్బర్ట్ అబిడ్ దుకాణం వలన పేరు పొందిన కూడలిని అబిడ్స్ అని, ఆబిడ్స్ అని వ్రాస్తారు. దానికి చేరువలోని రైల్వే స్టేషన్ గల ప్రాంతాన్ని నాంపల్లి అని, నామ్పల్లి అని వ్రాస్తారు. మొదటి పేరు రెండు రూపాలనూ [అఆ]బిడ్స్ అన్న ఒక్క నమూనా పట్టుకొంటుంది. రెండవదానికి నా(ం|మ్)పల్లి అన్నది సరిపోతుంది. నాంపల్లిలో, నాంపల్లికి, నాంపల్లి నుండి వంటి విభక్తి రూపాలు కూడా ఈ నమూనాకు అందుతాయి.

తెలుగుతో పనిచేసేవారు కొన్ని జాగ్రత్తలు పాటించాలి. యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతం మూడు బైట్లు ఆక్రమిస్తుంది. పీహెచ్‌పీలో నమూనా చివర 'యు' గుర్తు చేర్చకపోతే చుక్క గుర్తు అక్షరానికి కాక ఒక్క బైటుకే వర్తించి, అక్షరాలు ముక్కలవుతాయి. ఆ గుర్తు చేర్చినా గుణింతపు గుర్తు యూనికోడ్‌లో వేరు సంకేతమే. అందుచేత హా* అని వ్రాస్తే ఆవృత్తి అయ్యేది దీర్ఘం మాత్రమే. 'హాహాహా' అన్నదానిని పూర్తిగా పట్టాలంటే (హా)* అని వ్రాయాలి. జావాస్క్రిప్ట్‌లో పదాక్షరాన్ని సూచించే గుర్తు ఆంగ్ల అక్షరాలకు, అంకెలకు, అండర్‌స్కోరుకు మాత్రమే పరిమితం. తెలుగు లిపి అని పేర్కొనే సదుపాయం 2018 ప్రమాణంతో వచ్చింది.

పరిమితులు

నమూనా రూపాన్ని గుర్తిస్తుంది గాని అర్థాన్ని గుర్తించదు. నల్గొండ జిల్లాలోనూ నాంపల్లి అనే మండలం ఉన్నది. పై నమూనాతో పేర్లన్నీ ఒకేసారి మార్చివేస్తే హైదరాబాదు నాంపల్లితో పాటు ఆ ఊరి పేరు కూడా మారిపోతుంది.

రెండవ పరిమితి క్లేనీ సిద్ధాంతం నుండే వచ్చినది. ఒకదానిలో ఒకటిగా ఎన్ని పొరలైనా ఉండగల కుండలీకరణాలు సరిగా మూతపడ్డాయో లేదో పరిమిత స్థితుల యంత్రం చెప్పలేదు. ఎన్ని తెరుచుకున్నాయో గుర్తుంచుకొనే చోటు దానికి లేదు. వెబ్ పుటలలోని ట్యాగులదీ ఇదే పరిస్థితి. వాటిని విడదీయడానికి వేరే పరికరాలు అవసరం.

పెర్ల్, పీహెచ్‌పీలు తరువాత చేర్చిన సదుపాయాలు క్లేనీ గీసిన హద్దును దాటినవి. వీటికోసం వాడే వెనుకకు మళ్ళి మళ్ళీ ప్రయత్నించే పద్ధతి కొన్ని నమూనాల విషయంలో విపరీతమైన కాలం తీసుకొంటుంది. 2019 జూలై 2న క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ సేవలు ప్రపంచవ్యాప్తంగా సుమారు 27 నిమిషాలు స్తంభించడానికి ఇటువంటి ఒక్క నమూనాయే కారణం. క్లేనీ హద్దులలోనే ఉండే థాంప్సన్ పద్ధతిలో ఈ ప్రమాదం లేదు.

గౌరవాలు, మరణం

క్లేనీ 1969 నుండి 1974 వరకు విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో సాహిత్య, విజ్ఞాన కళాశాల డీన్‌గా వ్యవహరించాడు. 1983లో అమెరికన్ గణిత సంఘం వారి స్టీల్ బహుమతిని, 1990లో అమెరికా జాతీయ విజ్ఞాన పతకాన్ని అందుకున్నాడు. పర్వతారోహణ, ప్రకృతి పరిరక్షణ ఈయనకు ప్రీతిపాత్రమైన విషయాలు. 1994 జనవరి 25న మాడిసన్‌లో మరణించాడు. ఆ విశ్వవిద్యాలయపు గణిత గ్రంథాలయానికి ఈయన పేరు పెట్టారు.