కోపమే ఇంటిపేరుగా

బి.ఏ. క్లాసులో ‘గ్రిమ్స్ లా’ అని మొదటిసారి విన్నప్పుడు అదేదో కోర్టు చట్టం అనుకున్నాను. అది ధ్వనుల సూత్రమనీ, దాన్ని చెప్పిన యాకోబ్ గ్రిమ్ మాత్రం నిజంగానే లా చదివాడనీ తర్వాత తెలిసింది.

ఆయన 1785 జనవరి 4న జర్మనీలోని హనావు పట్టణంలో జన్మించాడు. పదకొండో ఏటనే తండ్రి పోయాడు. మార్‌బర్గ్‌లో న్యాయశాస్త్రం చదువుతూ ప్రాచీన గ్రంథాల మోజులో పడ్డాడు. తమ్ముడు విల్‌హెల్మ్‌తో కలసి 1812లో జానపద కథల తొలి సంపుటం వెలువరించాడు. మనమంతా చిన్నప్పుడు విన్న సిండరెల్లా, స్నోవైట్ కథలు అందులో ఉన్నాయి. పెళ్ళి చేసుకోకుండా తమ్ముడి కుటుంబంతోనే బతుకంతా గడిపాడు.

1822లో తన జర్మన్ వ్యాకరణం రెండో కూర్పులో ఆ సూత్రాన్ని వివరించాడు. సంస్కృతంలో ‘ప’ ఉన్నచోట ఇంగ్లీషు, జర్మన్ వంటి భాషల్లో ‘ఫ’ వస్తుంది: పితృ–ఫాదర్, పాద–ఫుట్. డెన్మార్కు పండితుడు రాస్క్ 1818లోనే ఇటువంటి పోలికలు చూపాడు. వాటిని ఒక క్రమంలో నిలబెట్టినవాడు గ్రిమ్.

ఇక ఇంటిపేరు సంగతి. జర్మన్‌లో గ్రిమ్ అంటే ఉగ్రమైన కోపం. పూర్వం అది మనుషుల పేరుగా ఉండి, తర్వాత ఇంటిపేరయింది. పాత ఇంగ్లీషులో ‘గ్రీమ’ అంటే ముసుగు, శిరస్త్రాణం. ఉత్తరదేశపు పురాణాల్లో ఓడిన్ దేవుడికి గ్రీమ్‌నిర్, అంటే ముసుగువాడు, అనే పేరుంది. ఉరుముకు రష్యన్ మాట ‘గ్రోమ్’ కూడా ఈ కోపానికి చుట్టమేనని పండితులంటారు. మూలభాషలోని ‘ఘ’ జర్మన్‌లో ‘గ’ అయింది. మన హంసకు జర్మన్ ‘గాన్స్’ బంధువైంది ఈ దారినే. అంటే ఆయన ఇంటిపేరు కూడా ఆయన సూత్రానికి లోబడిందే!

పుస్తకాల పురుగుకి ఇదేం ఇంటిపేరని నవ్వుకున్నాను. 1837 కథ చదివాక నవ్వు ఆగిపోయింది. ఆ ఏడు హానోవర్ రాజు రాజ్యాంగాన్ని రద్దు చేశాడు. దానికి కట్టుబడతామని ప్రమాణం చేసిన గొటింగెన్ యూనివర్సిటీ ప్రొఫెసర్లలో ఏడుగురు ఎదురుతిరిగి సంతకాలు చేశారు. అన్నదమ్ములిద్దరూ వారిలో ఉన్నారు. ఏడుగురి ఉద్యోగాలూ ఊడాయి. యాకోబ్‌ను మూడు రోజుల్లో రాజ్యం విడిచిపొమ్మన్నారు. విద్యార్థులు సరిహద్దు దాకా వెంట నడిచారు.

ఉద్యోగం లేని ఆ రోజుల్లోనే, 1838లో, అన్నదమ్ములు జర్మన్ మహానిఘంటువు మొదలుపెట్టారు. మొదటి సంపుటం 1854లో వచ్చింది. 1863 సెప్టెంబరు 20న యాకోబ్ కన్నుమూసేనాటికి పని ‘పండు’ అనే అర్థమిచ్చే మాట దాకా వచ్చింది. నిఘంటువు పూర్తయింది 1961లో. ఆ పండు తిన్నది తర్వాతి తరాలవాళ్ళు.

మిత్రులారా, మాట మూలం వెతికినవాడు ఇచ్చిన మాటకూ నిలబడ్డాడు. ఆయన కోపానికి అర్థం నాకు అక్కడే దొరికింది.