మట్టికి మెరుగు దిద్దిన బెర్నార్ పాలిసీ

మదనపల్లె, పుంగనూరు, పలమనేరు ప్రాంతాల ఇళ్ళలో వేసవి రాగానే రెండు మట్టిపాత్రలకు పని పెరుగుతుంది. ఒకటి మంచినీళ్ళ కుండ, రెండవది ఊరగాయ జాడీ. కుండ గోడలలోని సన్నని రంధ్రాల గుండా నీరు చెమర్చి ఆవిరవుతుంది. అందువల్లనే లోపలి నీరు చల్లబడుతుంది. అదే కుండలో ఊరగాయ పెడితే నూనె, ఉప్పు గోడలలోకి ఇంకిపోతాయి. జాడీకి ఆ బాధ లేదు. దానికి గాజువంటి పూత రక్షాకవచమై ఉంటుంది. చూడడానికి సామాన్యంగా కనిపించే ఈ గాజుపూతను సాధించడం మాత్రం సామాన్యమైన పని కాదు. ఆ పూత రహస్యాన్ని ఛేదించడానికి సుమారు 16 సంవత్సరాలు నిప్పుముందు తపస్సు చేసిన ఫ్రెంచి కళాకారుడు బెర్నార్ పాలిసీ.

పాలిసీ క్రీ.శ. 1510 ప్రాంతంలో నైరుతి ఫ్రాన్సులో జన్మించాడు. మన కవయిత్రి మొల్ల జీవించినదని చెప్పే 16వ శతాబ్దమే ఆయన కాలం కూడా. మొల్ల కుమ్మరి ఇంట పుట్టినదని ప్రతీతి. పాలిసీకి మాత్రం కుమ్మరిపని వంశవిద్య కాదు. ఆయన నేర్చినది గాజుపలకలపై చిత్రాలు వేసే విద్య. యౌవనంలో దేశమంతా తిరిగి రాళ్ళను, మట్టిని, మొక్కలను పరిశీలించాడు. లాటిన్, గ్రీకు భాషలు ఆయనకు రావు. ప్రకృతియే ఆయన చదివిన గ్రంథం. కొంతకాలానికి వివాహం చేసుకొని సాంత్ అనే పట్టణంలో స్థిరపడ్డాడు. చిత్రలేఖనంతో, భూముల కొలతలతో కుటుంబాన్ని పోషించుకొనేవాడు.

ఒకనాడు ఎవరో ఆయనకు తెల్లని పూతతో మెరుస్తున్న ఒక మట్టిగిన్నెను చూపించారు. ఆ గిన్నె ఆయన జీవితగతినే మార్చివేసింది. అటువంటి తెల్లని పూతను తానే తయారు చేయాలని ఆయన సంకల్పించాడు. అప్పటికి ఆయనకు మట్టి పిసకడం తెలియదు, ఆవం పేర్చడం తెలియదు. ఆ పూతలో ఏ పదార్థాలు ఉంటాయో చెప్పే గురువు కూడా లేడు.

ఆ పనిలోని కష్టం ఏమిటో తెలుసుకొంటేనే ఆయన పట్టుదల విలువ బోధపడుతుంది. గాజుకు మూలం ఇసుకలోని సిలికా. అది కరగాలంటే 1700 డిగ్రీల సెంటీగ్రేడుకు పైగా వేడి కావాలి. కట్టెలతో మండే చిన్న ఆవంలో అంత వేడి పుట్టదు. ఒకవేళ పుట్టినా మామూలు మట్టిపాత్ర దానిని భరించలేదు. అందువల్ల సిలికాను తక్కువ వేడికే కరిగించే పదార్థాన్ని దానికి జోడించాలి. సీసపు భస్మం చేరితే పూత 1000 డిగ్రీల లోపే కరిగి పాత్రకు అంటుకొంటుంది. తగరపు భస్మం చేరితే ఆ పూత పాలవలె తెల్లబడుతుంది. పాళ్ళు ఏమాత్రం తప్పినా పూత కరగకుండా పొడిగా మిగులుతుంది, లేదా జారి కిందికి కారిపోతుంది. ఈనాడు విద్యార్థి పుస్తకంలో చదివి తెలుసుకొనే ఈ విషయాన్ని పాలిసీ చీకటిలో తడుముకొంటూ వెతికాడు.

ఆయన కుండలు కొని వాటిని పెంకులుగా పగులగొట్టేవాడు. తోచిన పదార్థాలను నూరి, ఒక్కొక్క పెంకుపై ఒక్కొక్క మిశ్రమాన్ని పూసి, ఏ పెంకుకు ఏది పూసినదీ గుర్తుగా రాసుకొనేవాడు. సొంత ఆవంలో ఎన్నిసార్లు కాల్చినా ఫలితం కనిపించలేదు. తరువాత మూడువందలకు పైగా పెంకులను ఊరికి దూరంగా ఉన్న కుమ్మరుల ఆవానికి పంపాడు. ఆ వేడి ఆయన మిశ్రమాలకు చాలలేదు. చివరకు గాజు తయారుచేసేవారి కొలిమిలో పెట్టించి చూశాడు. ఆ విధంగా మరి రెండేళ్ళు గడిచాయి. ఒకసారి దాదాపు మూడువందల పెంకులు పెట్టగా వాటిలో ఒక్కటి మాత్రం తెల్లగా, నున్నగా మెరిసింది. ఆ ఒక్క పెంకు ఆయనకు కొత్త ప్రాణం పోసింది.

ఇక తానే ఒక కొలిమి కట్టుకోవాలని నిశ్చయించుకొన్నాడు. కూలివారిని పెట్టుకొనే స్తోమత లేదు. ఇటుకలను స్వయంగా వీపుమీద మోసుకొచ్చాడు. సున్నం, మట్టి కలిపి గోడలు లేపాడు. పూత పూసిన పాత్రలను పేర్చి నిప్పు పెట్టాడు. ఆరు పగళ్ళు, ఆరు రాత్రులు కట్టెలు ఎగదోస్తూనే ఉన్నా పూత కరగలేదు. మిశ్రమంలో కరిగించే పదార్థం తక్కువైనదని గ్రహించి, నిప్పు ఆరకముందే మళ్ళీ కొత్త మిశ్రమం నూరి, కొత్త పాత్రలకు పూసి లోపల పెట్టాడు. అంతలో కట్టెలు అయిపోయాయి. తోట కంచెకున్న కర్రలను పెరికి వేశాడు. అవీ చాలలేదు. ఇంట్లోని బల్లలను, చివరకు నేలకు పరచిన చెక్కలను కూడా నిప్పులో వేశాడు.

ఇరుగుపొరుగు వారికి అది పిచ్చిగా తోచింది. దొంగనాణేలు పోస్తున్నాడని కొందరు పుకారు పుట్టించారు. అప్పులవారు వాకిట నిలిచారు. ఇంట్లో తిండికి కరవైనప్పుడు భార్య నిష్ఠూరమాడింది. ఆ మాటలు ఆయనకు ములుకులవలె తగిలి ఉండవచ్చు. కాని, కూర్చునే బల్ల కూడా బూడిదైన ఇంట్లో బిడ్డలను సాకవలసిన ఆ ఇల్లాలి మాటలో న్యాయం లేదనలేము. పాలిసీ తపస్సుకు ఆమె కూడా మూల్యం చెల్లించింది.

కష్టాలు అంతటితో తీరలేదు. సహాయానికి పెట్టుకొన్న కుమ్మరికి జీతం ఇవ్వలేక తన బట్టలనే ఇచ్చి పంపాడు. మరొక కొలిమి కట్టినప్పుడు అడుసులోని చెకుముకిరాళ్ళు వేడికి పేలి, కరిగిన పూతలో ముక్కలుగా అతుక్కుపోయాయి. పాత్రలు అందంగా ఉన్నా అంచులు చేతిని కోసేంత పదునెక్కాయి. వాటిని తక్కువ ధరకు కొంటామని కొందరు వచ్చారు. అప్పుల్లో మునిగి ఉన్నా పాలిసీ లోపమున్న వస్తువును అమ్మడానికి ఒప్పుకోక అన్నింటినీ పగులగొట్టాడు. మరొకమారు బూడిద ఎగిరి పూతపై పడింది. అప్పుడు పాత్రలకు మట్టితొడుగులు చేసి కాపాడుకోవడం నేర్చుకొన్నాడు. ప్రతి ఓటమి ఆయనకు ఒక పాఠమైంది.

క్రమంగా ఆయన చేయి తిరిగింది. పాములు, కప్పలు, చేపలు, నత్తలు, ఆకులను నిజమైన వాటినుండి అచ్చు తీసి, రంగురంగుల సీసపుపూతలతో సజీవంగా కనిపించే పళ్ళేలు చేశాడు. సైన్యాధిపతి ఆన్ ద మోంమొరాన్సీ ఆయనకు ఆశ్రయమిచ్చాడు. ప్రొటెస్టంటు మతాన్ని అనుసరించినందుకు 1560వ దశకం తొలినాళ్ళలో పాలిసీని బంధించినప్పుడు ఆ ఆదరణే ఆయనను విడిపించింది. తరువాత పారిస్‌లో, రాణి కేథరిన్ ది మెడిచి కట్టిస్తున్న త్విలరీ సౌధం వద్ద ఆయనకు కర్మశాల ఏర్పడింది. 20వ శతాబ్దం చివర లూవ్ర్ పరిసరాల్లో జరిపిన తవ్వకాలలో ఆయన కర్మశాలకు చెందిన కొలిమి అవశేషాలు, అచ్చులు బయటపడ్డాయి.

1575 నుండి ఆయన పారిస్‌లో ప్రకృతిశాస్త్రంపై ఉపన్యాసాలిచ్చాడు. ప్రవేశానికి రుసుము తీసుకొని, తన మాట తప్పని రుజువు చేసినవారికి దానికి నాలుగింతలు తిరిగి ఇస్తానని ప్రకటించాడు. ఊటబావులకు మూలం వాననీరేననీ, రాళ్ళలో కనిపించే గవ్వలు ఒకప్పుడు జీవించిన ప్రాణులవేననీ ఆ రోజుల్లోనే బోధించాడు. 1580లో వెలువడిన గ్రంథంలో తన కష్టాల కథను కూడా రాశాడు. పూతలో వాడే పదార్థాల పేర్లు చెప్పాడు గాని వాటి పాళ్ళు చెప్పలేదు. అంత వెలపెట్టి సంపాదించిన రహస్యాన్ని ఊరికే ఇవ్వడానికి ఆయనకు మనసు రాలేదు. వృద్ధాప్యంలో మతకారణంగానే మళ్ళీ బందీయై, 1590 ప్రాంతంలో బాస్తీల్ కారాగారంలో మరణించాడు.

పులుపు తగిలితే సీసం ఆహారంలోకి దిగుతుందనీ, అది విషమనీ నేడు మనకు తెలుసు. అందుకే తినే పాత్రలకు సీసం లేని పూతలను, ముఖ్యంగా బోరాన్ కలిసిన వాటిని వాడుతున్నారు. పాలిసీ దాచిన పాళ్ళతో ఇప్పుడు ఎవరికీ పని లేదు. ఆయన దాచకుండా చెప్పిన తప్పుల కథ మాత్రం నిలిచింది. ఇంటి పెరట్లో చిన్న ఆవం కట్టుకొని, పెంకుముక్కపై కొత్త పూతను పరీక్షించి, ఫలితాన్ని రాసుకొనే ప్రతి కళాకారుడూ తెలిసో తెలియకో ఆయన బాటలోనే నడుస్తున్నాడు.