అల్లూరి కొండలు, మన రోడ్డు

కోదాడ, సూర్యాపేట మీదుగా హైదరాబాద్ పోయే 65వ నంబరు జాతీయ రహదారిపై గంజాయి పట్టుబడిందన్న వార్త మీరు పేపర్లో చాలాసార్లు చూసే ఉంటారు. ఈసారి చూసినప్పుడు సరుకు ఎక్కడి నుంచి బయల్దేరిందో కూడా చదవండి. చాలావరకు విశాఖ మన్యం పేర్లో, దాన్ని ఆనుకున్న ఒడిశా కొండల పేర్లో కనిపిస్తాయి. ఆ మన్యంలోని చింతపల్లికి చరిత్ర పుస్తకంలో వేరే స్థానం ఉంది. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు మొదట దాడి చేసింది ఆ ఊరి పోలీస్ స్టేషన్ మీదే.

రాజు కథ మనలో చాలామందికి సినిమాల ద్వారానే తెలుసు. ఆగస్టు 15 వస్తే మా హాస్టల్లో ఒకరు కాషాయం కట్టి, విల్లు పట్టుకుని నిలబడతారు. ఒకరు కొమురం భీమ్ అవుతారు. ఆ ఇద్దరూ కలిసి తిరిగినట్టు సినిమాలో ఉంది గానీ చరిత్రలో ఆధారం లేదు. సినిమా చెప్పని సంగతులు కొన్ని ఉన్నాయి. ఇక్కడ అవే రాస్తున్నాను.

రాజు 1897 జులై 4న విశాఖ జిల్లా పాండ్రంగిలో పుట్టాడు. గిరిజనుడు కాదు, మైదానపు క్షత్రియ కుటుంబం. తండ్రి వెంకటరామరాజు ఫోటోగ్రాఫర్. ఆయన 1908లో చనిపోయాడు. తర్వాత చదువు ఊరూరా మారింది, పూర్తి కాలేదు. పద్దెనిమిది, పందొమ్మిదేళ్ళ వయసులో ఉత్తరదేశ యాత్రలు చేసి, చివరికి మన్యం అంచున ఉన్న కృష్ణదేవిపేట చేరాడు. సన్యాసిలా బతుకుతూ, మందులిస్తూ, కొండ మనుషుల కష్టం వింటూ అక్కడే ఉండిపోయాడు.

ఆ కష్టం ఏమిటంటే, 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక పోడు నేరమైంది. అడవిలో కట్టె కొట్టినా, పశువును తోలినా జరిమానా. దానికి తోడు రోడ్ల పని. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ నర్సీపట్నం వైపు రోడ్డు వేయిస్తూ కూలి సరిగా ఇవ్వకుండా జనంతో వెట్టి చేయించుకున్నాడు. అడిగినవాళ్ళకు దెబ్బలు. మన ముత్తాతలు నిజాం రాజ్యంలో దొరలకు చేసిన వెట్టి గురించి ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పే ఉంటారు. ఇదీ అలాంటిదే, పేరు మాత్రం సర్కారుది.

కల్లు సంగతి ఇక్కడే చెప్పాలి, నాకు ఈ కథలో ముఖ్యం అనిపించింది అదే. రాజు పుట్టక ముందే, 1879లో, అవే కొండల్లో రంప తిరుగుబాటు జరిగింది. దాని కారణాల్లో పెద్దది కల్లు. కొండ మనిషికి కల్లు తిండిలో భాగం, పండుగలో భాగం. సర్కారు లైసెన్సు లేకుండా ఇంటి అవసరానికి కూడా చెట్టు గీయకూడదంది. రంప మన్సబుదారు చిగురు పన్ను వేశాడు. ఆ వసూలు మైదానం నుంచి వచ్చిన గుత్తేదార్ల చేతికి పోయింది. కారం తమ్మన్న దొర లాంటివాళ్ళు ఆయుధం పట్టారు. ఆ పోరును అణచడానికి సర్కారుకు ఏడాదికి పైగా పట్టింది.

నలభై ఏళ్ళ తర్వాత రాజు అదే జనానికి తాగుడు మానమన్నాడు. సహాయ నిరాకరణ రోజులవి. కోర్టులకు పోవద్దు, తగవులు ఊరి పంచాయితీలో తీర్చుకోండి, తాగుడు వదలండి అని ఊరూరా తిరిగి చెప్పాడు. అతని మీద పోలీసు నిఘా మొదలైంది ఈ ప్రచారం వల్లే, అప్పటికి ఒక్క తుపాకీ కూడా అతని చేతిలో లేదు. 1879లో గీసుకుంటామన్నవాళ్ళు 1922లో మానేస్తామనడం తిరకాసుగా అనిపించవచ్చు. నాకు అలా అనిపించదు. కల్లు ఇంటిదిగా ఉన్నన్నాళ్ళు దాని కోసం కొట్లాడారు. అది సారా దుకాణమై, సర్కారుకు రాబడై, కొండకు అప్పుగా మిగిలినప్పుడు వదలడానికి ఒప్పుకున్నారు.

తర్వాత యుద్ధం. చింతపల్లి మరునాడు కృష్ణదేవిపేట, ఆ మరునాడు రాజవొమ్మంగి. మూడు స్టేషన్లలో కలిపి 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు దొరికాయి. ఏమేం తీసుకున్నదీ స్టేషన్ రికార్డులోనే రాసి పెట్టి వెళ్ళాడు. రాజవొమ్మంగిలో నిర్బంధంలో ఉన్న మొట్టడం వీరయ్య దొరను విడిపించాడు. గాం గంటందొర, గాం మల్లుదొర అన్నదమ్ములు మొదటి నుంచీ వెంట ఉన్నారు. అడవి దారి, ఊరి నమ్మకం, తిండి, కబురు అన్నీ వీళ్ళవే. సినిమాల్లో వీళ్ళు వెనక నిలబడి కనిపిస్తారు. నాకది బాధగా ఉంటుంది.

సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో మాటు వేసి స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఇంగ్లీషు అధికారుల్ని చంపారు. ముందు నడిచిన దేశీ సిపాయిల్ని మాత్రం పోనిచ్చారు. డిసెంబరులో పెద్దగడ్డపాలెం దగ్గర మరతుపాకులకు ఎదురు నిలవలేక చాలామందిని పోగొట్టుకున్నారు. మలబార్ పోలీసులు వచ్చారు, తర్వాత అస్సాం రైఫిల్స్ వచ్చారు. రాజు తలకు 10,000 రూపాయల వెల కట్టారు. 1923లో మల్లుదొర పట్టుబడ్డాడు. 1924లో రూథర్‌ఫర్డ్ ప్రత్యేక కమిషనర్‌గా వచ్చాక ఊళ్ళకు తిండిగింజలు చేరకుండా బిగించారు. మే 7న మంప దగ్గర రాజును పట్టుకుని, కొయ్యూరు తీసుకెళ్ళి, చెట్టుకు కట్టేసి కాల్చారు. పారిపోబోతే కాల్చామని రాసుకున్నారు. అప్పటికి అతనికి ఇరవై ఏడు కూడా నిండలేదు. నెల తిరిగేసరికి గంటందొరనూ చంపారు. ఉరిశిక్ష పడ్డ మల్లుదొరను యావజ్జీవం కింద అండమాన్ పంపారు. ఆయన తిరిగొచ్చి 1952లో విశాఖపట్నం నుంచి పార్లమెంటుకు గెలిచాడు.

2022లో పాడేరు కేంద్రంగా ఏర్పడ్డ జిల్లాకు రాజు పేరు పెట్టారు. చింతపల్లి అందులోనే ఉంది. దానికి కొద్ది నెలల ముందే ఆంధ్ర పోలీసులు ఆపరేషన్ పరివర్తన పేరుతో ఆ కొండల్లో వేల ఎకరాల గంజాయి తోటలు నరికి, 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర దాదాపు రెండు లక్షల కిలోలు తగలబెట్టారు. పండించింది ఎవరంటే, తమ్మన్న దొర, గంటందొర ఊళ్ళ మనవలే. విత్తనం, పెట్టుబడి, కొనుగోలు బయటివాళ్ళవి. కేసు మాత్రం పండించినవాడి మీద, మోసినవాడి మీద.

ఇలాంటిదే మెక్సికోలో ఇంకా పెద్దగా జరిగింది. రంప తిరుగుబాటు సాగిన 1879లోనే అక్కడ ఎమిలియానో జపాటా పుట్టాడు. రైతుల భూమి కోసం ఆయుధం పట్టి, రాజుకు ఐదేళ్ళ ముందు, 1919లో మాటు దాడిలో చనిపోయాడు. ఆ దేశపు ఉత్తర కొండల్లో, సినలోవా, చివావా, దురాంగో రాష్ట్రాల్లో పేద రైతులు నల్లమందు, గంజాయి పండించారు. 1977లో సైన్యాన్ని దింపి తోటలు తగలబెట్టారు. ఊళ్ళు ఖాళీ అయ్యాయి, పెద్ద వ్యాపారులు వేరే నగరాలకు మారిపోయారు. 2006లో మళ్ళీ సైన్యం దిగింది. అక్కడ ఆచూకీ లేనివాళ్ళ లెక్క లక్ష దాటింది. చివావా కొండల్లో రారామురి అనే ఆదివాసీలున్నారు. ఆగకుండా మైళ్ళకు మైళ్ళు పరుగెత్తడంలో వాళ్ళకు ప్రపంచంలోనే పేరుంది. కరువు వచ్చిన ఏడు ముఠాలు వాళ్ళ కుర్రాళ్ళను వెతుక్కుంటూ వెళ్ళి, వీపున మూట కట్టి, ఎడారిలో అమెరికా సరిహద్దు దాటించాయి. పట్టుబడి అక్కడి జైళ్ళలో ఉన్నది ఆ పరుగెత్తేవాళ్ళే.

మన వైపు అడిగే తీరు వేరు. బైకు ఉందా, ఒక బ్యాగు మిర్యాలగూడ దాకా ఇచ్చి వస్తావా, పెట్రోలు పోసి రెండు వేలు ఇస్తాం అంటారు. లోపల ఏముందో చెప్పరు. 1985 చట్టం ప్రకారం గంజాయి 20 కిలోలు దాటితే తక్కువలో తక్కువ పదేళ్ళ జైలు, లక్ష రూపాయల జరిమానా. బెయిల్ దాదాపు దొరకదు. తెలియదు అంటే చాలదు, తెలియదని మీరే నిరూపించుకోవాలి. పంతొమ్మిదేళ్ళకు లోపలికి పోయినవాడు ఇరవై తొమ్మిదికి వస్తాడు. బ్యాగు ఇచ్చినవాడి పేరు అతనికి అప్పటికీ తెలియదు, ఫోన్ నంబరు ఎప్పుడో మారిపోయి ఉంటుంది.

ఎవరైనా అలా అడిగితే ఇంట్లో చెప్పండి, లేదా వార్డెన్‌కు చెప్పండి. అలవాటు పడ్డ స్నేహితుడు ఉంటే 14446కు ఫోన్ చేయండి, మత్తు మాన్పించడానికి కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఉచిత నంబరు అది.