ఉపాధ్యాయుడు రహీం సాహెబ్

సయ్యద్ అబ్దుల్ రహీం గారి పేరు చెప్పగానే ఫుట్‌బాల్ ఎరిగినవారికి జకార్తా స్వర్ణపతకం స్ఫురిస్తుంది. ఆ ఆట ఎరుగనివారికి 2024లో విడుదలైన ‘మైదాన్’ అనే హిందీ చలనచిత్రం గుర్తుకు రావచ్చును. ఆయన వృత్తిరీత్యా బడిపంతులన్న సంగతి మాత్రం ఈ రెండింటి చాటున మరుగున పడిపోయినది. ఒక పాఠశాల ప్లాటినం జూబిలీ సంచికలో ఆయనను స్మరించుకొనడం అందుచేతనే సముచితమని తలచాను.

రహీం గారు 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. అప్పటికి అది నిజాం రాజ్యం. ఆయన చదివిన ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఏర్పడినది. మన దేశపు విశ్వవిద్యాలయాలలో ఉన్నత విద్య అంతా ఆంగ్లంలోనే సాగుతున్న రోజులలో, ఉర్దూను బోధనాభాషగా స్వీకరించిన విద్యాలయం అది. దేశభాషలో చదివిన పిల్లలు ప్రపంచంలో ఎలా నెగ్గుకొస్తారన్న సందేహాన్ని మన పాఠశాల డెబ్బది అయిదేళ్లుగా వింటూనే ఉన్నది. ఆ విశ్వవిద్యాలయం పక్షాన బంతి ఆడిన ఈ విద్యార్థి అనంతర కాలంలో మూడు ఒలింపిక్ క్రీడలకు భారత జట్టును తీసుకొని వెళ్లాడు.

పట్టభద్రుడైన పిమ్మట ఆయన కాచిగూడ మిడిల్ స్కూలు మొదలుకొని చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాల వరకు పలుచోట్ల ఉపాధ్యాయుడుగా పనిచేశారు. తరువాత వ్యాయామ విద్యలో డిప్లొమా సంపాదించి బడి ఆటల బాధ్యతను కూడ స్వీకరించారు. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. తుదిశ్వాస వరకు ఆ పదవిలోనే ఉన్నారు. 1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకులైనారు. ఆ జట్టు పేరు బయటి ఊళ్లలో మొదట మారుమ్రోగినది మన బెంగుళూరులోనే, 1943 నాటి ఆష్ గోల్డ్ కప్ పోటీలలో. రహీం గారి చేతికి వచ్చిన తరువాత అది 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదుసార్లు బొంబాయి రోవర్స్ కప్పును గెలుచుకొన్నది.

ఆయన శిక్షణలో నాకు ముచ్చట గొలిపేది అందులోని బడి పద్ధతి. పిల్లవాడు తనకు వచ్చిన లెక్కనే మళ్లీ మళ్లీ చేసి మురిసిపోతాడు. ఆటగాడూ అంతే, అలవాటైన కాలితోనే బంతిని తన్నుతాడు. అందుకని రహీం గారు అలవాటు లేని కాలితో మాత్రమే ఆడవలసిన పోటీలు పెట్టారు. బంతిని తనవద్దనే అట్టిపెట్టుకొని విన్యాసాలు చేయడానికి వీలులేని పోటీలు మరికొన్ని. వచ్చిన బంతిని వెంటనే తోటివానికి అందించవలసినదే. చప్పట్లకు అలవాటుపడిన కుర్రవానికి ఇంతకన్న కఠినమైన పాఠం మరొకటి ఉండదు.

గురువుకూ పరీక్షలు తప్పలేదు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో మనవారు 10-1 తేడాతో ఓడిపోయారు. ఆ చలిలో మన ఆటగాళ్లలో చాలామంది వట్టి కాళ్లతోనే ఆడారు. దేశంలో ఆటగాళ్లకు బూట్లు తప్పనిసరి అయినది ఆ పరాభవం తరువాతనే. నాలుగేళ్లకు, 1956లో, మెల్బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి భారతదేశం ఒలింపిక్ సెమీఫైనల్ చేరినది. అంతకుముందు ఆసియా దేశమేదీ అంతవరకు రాలేదు. ఆ జట్టులో మన బెంగుళూరు కెంపయ్య కూడ ఉన్నాడు.

1962 జకార్తా ఆసియా క్రీడల నాటికి పరిస్థితి వేరు. ఇజ్రాయెల్, తైవాన్ దేశాలను ఆహ్వానించనందుకు భారతీయ క్రీడాధికారి సోంధీ గారు ఆక్షేపించడంతో ఆతిథేయులకు ఆగ్రహం కలిగినది. మన రాయబార కార్యాలయంపై దాడి జరిగినది. మైదానంలో మన జట్టు కనబడితే చాలు, ఈలలూ కేకలూ. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓటమి. ఆపైన రక్షణపంక్తికి ప్రాణమైన జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. గోల్‌కీపర్ తంగరాజ్ జ్వరపడ్డాడు.

సెప్టెంబరు 4న జరిగిన ఫైనల్‌లో ఎదురైనది మళ్లీ దక్షిణ కొరియాయే. ముందురోజు రాత్రి రహీం గారు కుర్రవాళ్లను కూర్చోబెట్టుకొని, తమకొక కానుక కావాలని, ఆ స్వర్ణపతకమే ఆ కానుకని అడిగారట. తలకు కట్టుతో ఉన్న జర్నైల్‌ను ఆయన రక్షణపంక్తి నుండి తప్పించి ముందు వరుసలో నిలిపారు. సాహసమే. సెమీఫైనల్‌లో ఒక గోలు చేసిన జర్నైల్ ఫైనల్‌లోనూ చేశాడు. మరొకటి పి.కె. బెనర్జీది. సుమారు లక్షమంది ప్రేక్షకుల ఎదుట భారత్ 2-1తో గెలిచినది. మన ఊరి అరుమైనాయగం ఆ జట్టు సభ్యుడు.

రహీం గారిని అప్పటికే క్యాన్సర్ లోలోపల తినివేస్తున్నది. తొమ్మిది నెలలు గడిచాయో లేదో, 1963 జూన్ 11న ఆయన కన్నుమూశారు. యాభై నాలుగేళ్లైనా నిండలేదు. శిక్షకుల కొరకు ద్రోణాచార్య పురస్కారం ఏర్పడినది 1985లో, అప్పటికి ఆయన పోయి ఇరువది రెండేళ్లు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణం ఆయన తరువాత మనకు మళ్లీ దక్కలేదు. 1960 తరువాత ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మన జట్టు ఆడనూ లేదు.

శిష్యులు మాత్రం ఆ పాఠాన్ని కొంతకాలం నిలబెట్టారు. కుమారుడు ఎస్.ఎస్. హకీం 1960 రోమ్ ఒలింపిక్ జట్టు సభ్యుడు. ఆ పిమ్మట అంతర్జాతీయ రిఫరీగా, శిక్షకుడుగా పేరు పొంది 2021లో మరణించారు. 1970లో బాంకాక్‌లో జపాన్‌ను ఓడించి భారత్ కాంస్యం గెలిచిననాడు, జట్టు శిక్షకులిద్దరిలో ఒకరు జకార్తా ఫైనల్‌లో గోలు చేసిన ఆ పి.కె. బెనర్జీయే.